సుక్కమ్మ పోయాక వచ్చిన జవాబులు

స్నేహలత కట్టంగూర్ దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చి పదేళ్లు దాటింది. నకిరేకల్‌లో డిగ్రీ రెండో ఏడు దాకా చదివింది. గొర్ల ఇంటికి ఇష్టపడే వచ్చింది గానీ, గొర్రె పళ్లు చూసి వయసు చెప్పడం ఆమెకు ఇప్పటికీ రాదు. మందలో నలభై గొర్లుంటే నలభైకీ నలభై ముఖాలుంటాయని మొగుడు మల్లన్న అంటాడు. ఈమెకు అన్నీ ఒక్కతీరుగానే కనిపిస్తాయి. ఇంట్లో ఆమె పనులు మూడు. మిషన్ మీద జాకెట్లు కుట్టడం, బిడ్డను బడికి తోలడం, అత్త సుక్కమ్మకు ఫోన్ పట్టుకోవడం. ఈ మూడో పనే తన మెడకు చుట్టుకుంటుందని పెళ్లినాడు ఆమెకు ఎవరూ చెప్పలేదు.

సుక్కమ్మకు చదువు లేదు. ఉన్నదల్లా కన్ను, చెవి. గొర్రె దగ్గు విని అది ఊపిరి దగ్గా, దుమ్ము దగ్గా చెప్పేది. తెలంగాణ వచ్చాక మూడు నాలుగేళ్లకు సర్కారు పథకం కింద ఊరూరా కొత్త గొర్లు దిగాయి. కొత్త నీళ్లు, కొత్త గడ్డి, అలవాటు పడేదాకా దగ్గులు, పారుళ్లు. రామన్నపేటలో ఉండే స్నేహలత తమ్ముడు ఎల్లేష్ గొర్రెపిల్ల కుంటుతోందని ఫోన్ చేశాడు. అత్త చెప్పిన మాటను స్నేహలత వాట్సాప్‌లో రికార్డు చేసి పంపింది. అతను దాన్ని నలుగురికి పంపాడు, ఆ నలుగురు నలభై మందికి పంపారు. నెల తిరిగేసరికి అదొక గ్రూపయింది. పేరు ‘మంద ముచ్చట’. నాలుగేళ్లలో ఆరు వందల మంది చేరారు. అటు ఆలేరు నుంచి ఇటు జడ్చర్ల అవతలి దాకా ఉన్నారు. సొంత ఊరివాళ్లు మాత్రం ఒక్కరూ చేరలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా, వాళ్లకు సుక్కమ్మ అంటే బొంత కప్పుకుని మంద వెంట తిరిగే ముసలిదే.

గ్రూపుకు సుక్కమ్మ పెట్టిన కట్టుబాట్లు కొన్ని ఉన్నాయి. పొద్దున్నే పూల బొమ్మలు పంపొద్దు. పార్టీల లొల్లి వద్దు. ఎవరినీ ఏ కులమని, ఎవరి బిడ్డవని అడగొద్దు. తెలియనిది అడిగినోళ్లను చూసి నవ్వితే గ్రూపులోంచి తీసేయాలి. ఆ తీసేసే పని స్నేహలతది, రెండుసార్లు తీసేసింది కూడా. తనకు విడిగా ఫోన్ చేయొద్దని ముసలామె ఖండితంగా చెప్పింది. "నాకు మందల ఇనబడదు. గిండ్లనే చెప్పుండ్రి, పది మంది ఇంటరు" అనేది. అన్నిటికీ మించిన కట్టుబాటు ఒకటుంది. ఎవరు ఏది అడిగినా పొద్దుగూకే లోపల జవాబు పోవాలి.

గొర్ల మందుల కోసమే అంత మంది పోగయ్యారంటే నేను నమ్మను. మందులకు దుకాణాలున్నాయి, గొడ్ల డాక్టర్లున్నారు. అడిగితే కసురుకోని మనిషి కావాలి జనానికి. తాము చెప్పేది ఒకరు చివరిదాకా వింటున్నారన్న నమ్మకం కావాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అనలేదు. ఆ గ్రూపులో నోరు మంచిది, కాబట్టి అదొక ఊరైంది.

ఆలేరు పక్క పల్లె నుంచి ఎస్తేరు అట్లా వచ్చిన మనిషే. కూలికి పోతుంది, ఐదు మేకలున్నాయి. చర్చికి పోయే కుటుంబం. ఊళ్లో గొర్ల వాళ్లను ఏదైనా అడగాలంటే వాకిలి బయట నిలబడి అడగాలి, వాళ్లు బుద్ధి పుడితే చెబుతారు, లేకపోతే లేదు. చేరిన మొదటి రోజు ఆమె భయపడుతూ అడిగింది.

"అవ్వా, నాయి మేకలు. గొర్ల గ్రూపుల మేకల సంగతి అడగొచ్చునా?"

సుక్కమ్మ పకపకా నవ్వింది. "మేక ఏం పాపం చేసింది బిడ్డా? చెప్పు. ఏం తిన్నది? ఏడ మేసింది? నిలవడ్డదా, పండుకున్నదా?"

సుక్కమ్మ పద్ధతే అది. ముందు అడిగేది, ఆ తర్వాతే చెప్పేది. ఒక్కో జవాబుకు ముందు మూడు నాలుగు ప్రశ్నలు పోయేవి. పది మంది ముందు చెప్పుకోలేని సంగతులు ఉన్నవాళ్లు విడిగా పంపేవాళ్లు. అవీ స్నేహలత చేతి మీదుగానే పోయేవి గనుక ఆమెకు తెలుసు. కరోనా ఏడు జడ్చర్ల అవతలి భీమయ్య అనే ముసలాయన, గొర్రె మేత ముట్టడం లేదని విడిగా ఒక మాట పంపాడు. ఆ గొంతు విని సుక్కమ్మ గొర్రె సంగతి పక్కన పెట్టింది.

"గొర్రె ముచ్చట తర్వాత. నీ గొంతేంది గట్లున్నది? నువ్వు తిన్నవా? లే, పొయ్యి మీద ఇంత గటుక పెట్టు. తిన్నంక నాకు చెప్పు. నేను యాడికి పోత? ఈడనే ఉంట."

భీమయ్య భార్య చనిపోయి అప్పటికి మూడు రోజులు. రోగమని భయపడి ఆ గడప ఎవరూ తొక్కలేదు. సాయంత్రానికి ఆయన నుంచి ఒక్క మాట వచ్చింది, "తిన్న చెల్లె" అని.

కరోనా తగ్గాక ఒక హోలీకి, కామునిపున్నం తెల్లారి, సుక్కమ్మ చనిపోయింది. మంద నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని, చాయ్ పెట్టమని చెప్పి, గోడకు ఆనుకుని కూచుంది. చాయ్ తెచ్చేసరికి లేదు.

మూడో రోజు పిట్టకు పెట్టారు. మట్టి చేసిన చోట విస్తరేసి, ఆమెకు ఇష్టమైన తలకాయ కూర, అన్నం, గ్లాసెడు చాయ్ పెట్టి, దూరంగా జరిగి నిలబడ్డారు. కాకి తుమ్మ చెట్టు మీద కూచుంది, కిందికి దిగలేదు. కాకి ముట్టకపోతే పోయినోళ్లకు మనసులో ఏదో మిగిలిందని లెక్క. మిగిలినదేదో ఊహించి ఒక్కొక్కరు మాట ఇవ్వాలి. సుక్కమ్మ చెల్లెలు జంగమ్మ ముందుకొచ్చి, "అక్కా, నీ మందను అమ్ముకోరు" అంది. కాకి కదల్లేదు. మల్లన్న దండం పెట్టి, "అవ్వా, నీ మనుమరాలిని సదివిపిస్త" అన్నాడు. కాకి రెక్కలు విదిల్చి అక్కడే కూచుంది. ఎండ నడినెత్తికి వచ్చింది. అందరూ అయిపోయాక చివరికి స్నేహలత అంది.

"అత్తమ్మా, నీ గ్రూపును నేను చూస్కుంట. జవాబు లేకుండ ఒక్కల్ని గూడ ఉంచ."

కాకి దిగింది. దానికి ఆకలే వేసిందో, మనుషులు అలిసి వెనక్కి జరిగారనే దిగిందో నాకు తెలియదు. చూసినవాళ్లంతా స్నేహలత వైపు తిరిగారు. ఇక ఆ మాట తప్పే దారి లేదు.

మర్నాడే ఒకరు అడిగారు, గిట్టల మధ్య పుండ్లు పడ్డాయి, ఏం చేయాలని. సుక్కమ్మ లేదని చెప్పాలనే స్నేహలత ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఆరు వందల మంది అత్తమ్మ కోసం ఏడుస్తారు, ఆ తర్వాత ఒక్కొక్కరే వెళ్లిపోతారు, గొర్రె పన్ను చూడరాని కోడలు చెబితే ఎవరు వింటారు, అని ఆలోచిస్తూ చాలాసేపు కూచుంది. నాలుగేళ్ల మాటలు ఫోన్‌లోనే ఉన్నాయి. గిట్టల పుండ్ల మీద అత్త చెప్పినది వెతికితే దొరికింది. దాన్ని మళ్లీ పంపిస్తే పైన ‘ఫార్వర్డ్’ అని గుర్తు పడుతుంది, పాతదని తెలిసిపోతుంది. అందుకని మల్లన్న ఫోన్‌లోకి ఎక్కించి వినిపిస్తూ, అత్త ఫోన్‌లో కొత్తగా రికార్డు చేసి పంపింది. "సల్లగుండు అవ్వా" అని జవాబొచ్చింది. స్నేహలత ఆ రోజు కడుపు నిండా ఏడ్చి, కడుపు నిండా తిన్నది.

అట్లా మొదలైంది. అదే రోగానికి అదే మందు కదా, పాత జవాబు మళ్లీ వచ్చినా ఎవరికీ అనుమానం రాలేదు. అత్త చావు తెలిసిన తమ్ముడు ఎల్లేష్ చేత మాత్రం నోరు విప్పనని ఒట్టు వేయించుకుంది. ఏ రోగానికి ఏ రోజు ఏం చెప్పిందో పొడుగు నోటుబుక్కులో రాసుకుంది. రికార్డు చేసేటప్పుడు కిటికీ మూసేది, ఫ్యాన్ ఆపేది, బిడ్డను మాట్లాడొద్దని సైగ చేసేది. అయినా ఆ గొంతు గోడ దాటేది. కొట్టంలో ఉన్న ముసలి గొర్లు నాలుగైదు లేచి వచ్చి కిటికీ బయట చెవులు రిక్కించి నిలబడేవి. మాట ఆగిపోయాక కూడా చాలాసేపు కదిలేవి కావు. మొదటిసారి చూసినప్పుడు స్నేహలతకు ముచ్చటేసింది. పదోసారి నుంచి కిటికీ వైపు చూడడం మానేసింది.

మల్లన్న ఆ గొంతు వినబడితే కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. ఒకనాడు మధ్యాహ్నం చెయ్యి కడుక్కుంటూ అన్నాడు.

"మా అవ్వకు మన్నేసి రెండు నెలలాయె. నేను ఏసిన మన్ను నువ్వు దినాం తోడి తీస్తున్నవు. ఇంక పోనియ్యవా ఆమెను?"

"మాటిచ్చిన గదా. నీ ముంగటనే ఇచ్చిన."

"జవాబు చెప్తనని ఇచ్చినవ్. ఆమెతోని చెప్పిపిస్తనని ఇయ్యలే."

అయినా స్నేహలత ఆపలేదు. నిజం చెప్పాలంటే ఆ పనిలో ఆమెకొక సుఖం దొరికింది. మందను చూడకుండానే జవాబిస్తోంది, పొగడ్తలు వస్తున్నాయి. అవి అత్త పేరు మీదే అయినా వినేది తనే. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి. వెతకడం కోసమని రోజంతా అత్త మాటలు వింటుంటే అత్త పోయినట్టే ఉండేది కాదు. చెరువు కట్ట మీద నడుస్తున్నప్పుడు, బస్సులో కూచున్నప్పుడు, సూదిలో దారం ఎక్కిస్తున్నప్పుడు ఆ గొంతు చెవిలో మోగేది. పిలవకుండానే వచ్చేది.

మే నెలలో ఎస్తేరు నుంచి విడిగా ఒక మాట వచ్చింది. "అవ్వా, మేక పిల్లకు పాలు ఇస్తలేదు" అంది, అంతే. ఆ మాటల వెనక ఏదో హోరు. గొంతులో తడి లేదు. స్నేహలత మేక పాల జవాబు వెతకకుండా, భీమయ్యతో అత్త అన్న మాట తీసింది. మొదట గొర్రె గురించి ఉన్న మాటను వదిలేసి, "నీ గొంతేంది గట్లున్నది?" నుంచి రికార్డు చేసి పంపింది. "నువ్వు తిన్నవా? తిన్నంక నాకు చెప్పు. నేను యాడికి పోత? ఈడనే ఉంట." గంటన్నర తర్వాత జవాబొచ్చింది. "తిన్న అవ్వా. ఇంటికొచ్చిన." ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేదు. అడుగుదామంటే అడిగే గొంతు స్నేహలత దగ్గర లేదు.

ఆషాఢంలో వానలు ముఖం చాటేశాయి. మొలిచిన చేలు మోకాలెత్తుకు రాకముందే వాడిపోయాయి. ఒకరోజు పదిగంటల వేళ గ్రూపులో ఎస్తేరు గొంతు రొప్పుతూ వినబడింది.

"అవ్వా, మేకలు కడుపులు ఉబ్బి ఆగమాగమైతున్నయి. నోట్లకెళ్లి నురుగు వస్తాంది. జల్ది చెప్పు అవ్వా!"

స్నేహలత నోటుబుక్కు తిప్పింది. కడుపు ఉబ్బరం రెండో పేజీలోనే ఉంది. ఐదు నిమిషాల్లో జవాబు పంపింది, ఎన్నడూ అంత తొందరగా పంపలేదు. సుక్కమ్మ గొంతు నిబ్బరంగా చెప్పింది. "పల్లి నూనెల ఇంత ఇంగువ కలిపి తాగిపియ్యి. జర నడిపియ్యి. గంటల తగ్గుతది, ఫికర్ జెయ్యకు." రెండేళ్ల కింద ఎల్లేష్ గొర్లు పల్లి పొట్టు మేసి ఉబ్బితే చెప్పిన జవాబు అది. దానికి ముందు సుక్కమ్మ అతన్ని నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులు విని, అప్పుడు చెప్పింది. ఆ ప్రశ్నలు నోటుబుక్కులో లేవు. పోయినోళ్లు జవాబులైతే చెప్పగలరు గానీ తిరిగి అడగలేరు. అంత చదువుకున్న పిల్లకు ఆ చిన్న సంగతి తట్టలేదు.

పన్నెండు దాటాక ఎస్తేరు మాట విడిగా వచ్చింది. ఏడుపు అయిపోయిన గొంతు.

"నాలుగు పోయినయి అవ్వా. ఒక్కటే మిగిలింది. డాక్టరు సారు వచ్చి చూసి, ఎండిన చేల జొన్న మొలకలు మేసినయి, అది విషమన్నడు. ముందుగాల పిలిస్తే సూది ఏసి బతికిస్తుంటి అన్నడు. గొడ్ల దవాఖాన నాకు అద్దగంట దూరమే. నువ్వు గంటల తగ్గుతదంటే నేను పోలే. అవ్వా, జొన్న మేసినయని నాకు ఎరుకే. నువ్వు ఎప్పుడైనా ఏం తిన్నయని అడుగుతవు. ఈపాలి అడగలే. నువ్వు అడగలేదంటే అదేం పెద్ద ముచ్చట కాదనుకున్న. నా తప్పే. నేనే చెప్పాలె."

గొర్రె కసాయోణ్ని నమ్మినట్టు నమ్మిందే, అని స్నేహలత తల బాదుకుంది. ఫోన్ మంచం మీద పడేసి వాకిట్లోకి ఉరికింది. మల్లన్న మందను తోలుకుని పోయి ఉన్నాడు. సాయంత్రం అతను వచ్చేదాకా గుమ్మంలోనే కూచుంది. అంతా చెప్పింది. తిడతాడనుకుంది, అతను తిట్టలేదు.

"మా అవ్వ నోట్లకెళ్లి తప్పు మాట ఎన్నడు రాలే," అన్నాడు. "సచ్చినంక వచ్చింది."

ఆ మాట తిట్టు కంటే ఎక్కువ కాలింది. తెల్లారి బిడ్డను జంగమ్మ ఇంట్లో ఉంచి, స్నేహలత బస్సెక్కింది. నకిరేకల్‌లో ఒకటి, మోత్కూరులో ఒకటి మారి ఆలేరు చేరింది. అక్కడి నుంచి ఆటో. దారి పొడుగునా ఆ గొంతు వదలలేదు, గంటల తగ్గుతది ఫికర్ జెయ్యకు, గంటల తగ్గుతది ఫికర్ జెయ్యకు. చెవులు మూసుకుంది. పక్కన కూచున్నామె, కడుపుల తిప్పుతున్నదా బిడ్డా, అని కిటికీ వైపు జరగమంది.

ఎస్తేరు ఇల్లు రైలు పట్టాలకు దగ్గర. రెండు గదుల రేకుల ఇల్లు, ముందు ఖాళీ దడి. ఒక్క మేక గుంజకు కట్టేసి ఉంది. నలభై అయిదేళ్ల మనిషి, వాకిలి ఊడుస్తూ తలెత్తింది.

"ఎవరమ్మా?"

"నా పేరు స్నేహలత. సుక్కమ్మ కోడల్ని."

ఎస్తేరు చేతిలో చీపురు కింద పడింది. ఉరికొచ్చి స్నేహలత రెండు చేతులు పట్టుకుంది. "అవ్వ పంపిందా నిన్ను? నా మేకల కోసం గింత దూరం పంపిందా?" అంటూనే లోపలికి పోయి కుర్చీ తెచ్చి కొంగుతో తుడిచింది. గ్లాసు కడిగి నీళ్లు తెచ్చింది. "అవ్వ మంచిగున్నదా? నా మీద కోపం వచ్చిందా? నాకు జవాబు రాకపాయె, నిన్నటి సంది చూస్తున్న."

స్నేహలత కుర్చీలో కూచోలేదు, నేల మీద కూచుంది. గ్లాసు పక్కన పెట్టి చెప్పింది.

"అత్తమ్మ లేదక్కా. కామునిపున్నం తెల్లారి పోయింది."

"ఏ కామునిపున్నం?"

"మొన్నటి కామునిపున్నమే. నాలుగు నెలలు దాటింది."

ఎస్తేరుకు అర్థం కాలేదు. నిన్న పొద్దున కూడా మాట్లాడింది కదా అంది. అప్పుడు స్నేహలత పిట్టకు ఇచ్చిన మాట దగ్గర్నుంచి అన్నీ చెప్పింది, పాత మాటలు వెతకడం, రెండు ఫోన్లు, నోటుబుక్కు, ఎల్లేష్‌కు చెప్పిన ఉబ్బరం జవాబు. నీ మేకలను చంపింది నేనే అక్కా, అంది. నాలుగు మేకలు కొనిస్తానంది, తన మిషన్ అమ్మైనా సరే అంది.

మేకల సంగతి ఎస్తేరు చెవికెక్కినట్టే లేదు.

"మే నెలల నాకొక మాట పంపినవు," అంది. "తిన్నవా అని. ఈడనే ఉంట అని. గది?"

స్నేహలత తల దించుకుంది.

"గది గూడనా?"

"గది గూడ అక్కా."

"నా పెనిమిటి ప్రేమ్‌సాగర్ పోయి ఏడాది తిరిగిన రోజు గది. ప్రార్థన పెట్టుకుంటే నలుగురు గూడ రాలే. పట్టాల మీదికి పోయిన. రైలు కూత వినబడుతాంది. ఊరికే ఒక్కపాలి అవ్వ గొంతు విందామని మేక పాల ముచ్చట అడిగిన." ఆమె పట్టాల వైపు చూసింది. "నా గొంతు చూసి అవ్వ పసిగట్టిందనుకున్న. నా తల్లి గూడ గంత పసిగట్టలే. ఆ ఒక్క మాట పట్టుకొని ఇంటికొచ్చిన. అప్పటి సంది దాన్నే దినాం ఇనుకుంటున్న. ఇప్పుడు చెప్పు, అది ఎవలికి అన్న మాట?"

"పేరు చెప్పలేను అక్కా. అది ఆయన దుఃఖం."

"అంటే నాది కాదు."

స్నేహలత ఏడ్చింది. ఎస్తేరు ఏడవలేదు. లేచి మేక దగ్గరికి పోయి, దాని మెడ మీద చెయ్యి వేసి అటు తిరిగి నిలబడింది. ఒక గూడ్సు బండి వచ్చి పోయింది. ఆ చప్పుడు పూర్తిగా ఆగిపోయాక తిరిగి వచ్చి, స్నేహలత ముందు నేల మీద కూచుంది.

"నాకొక్కదానికి చెప్తే అయిపోదు. ఇంకెవలి మేకలు పోతయో. గ్రూపుల చెప్పు. నా ముంగటనే చెప్పు, నీ గొంతుతోని."

స్నేహలత అత్త ఫోన్ తీసింది. నాలుగేళ్లు తన చేతిలో ఉన్న ఆ ఫోన్‌లోంచి తన గొంతు ఎన్నడూ పోలేదు. బటన్ నొక్కి పట్టి చెప్పింది, సుక్కమ్మ కోడల్ని అని, అత్తమ్మ ఫలానా రోజు పోయిందని, ఆ తర్వాత వచ్చిన మాటలన్నీ పాతవని, వాటిలో ఒకటి ఎస్తేరక్క మేకలను తినేసిందని. వేలు తీసేసరికి మాట వెళ్లిపోయింది.

కాసేపటికి జవాబులు మొదలయ్యాయి. ఒకరు తిట్టారు, ఒకరు ఏడ్చారు. అయితే ఎక్కువ మంది అడిగింది ఒకటే. ఏప్రిల్‌లో నాకు చెప్పింది బతికున్నప్పటిదా, పోయినంకదా? మా పిల్లగాడికి జెరం వచ్చినప్పుడు దేవుడున్నడు అన్నది, గది మాకే అన్నదా? శివరాత్రి నాడు నన్ను బిడ్డా అని పిలిచింది, గదన్న నిజమేనా? అందరూ తమ తమ ఫోన్లు తిరగేసుకుని, దాచుకున్న మాటలను ఒక్కొక్కటే తీసి చూపిస్తున్నారు.

అప్పుడు విడిగా ఒక మాట వచ్చింది. భీమయ్య. ఆయన గొంతు మెల్లగా, ఒక్కో మాటకు ఆగుతూ వినబడింది. ఎస్తేరు కూడా వింటోంది.

"బిడ్డా, నేను భీమయ్యను. నువ్వు గీ పని ఎప్పటి సంది చేస్తున్నవో మాకేం ఎరుక. కరోనా ఏడు మా ముసల్ది పోయినప్పుడు, సుక్కమ్మ చెల్లె నన్ను తిన్నవా అన్నది. గటుక పెట్టుకొమ్మన్నది. ఈడనే ఉంట అన్నది. అప్పుడు ఎవ్వలు రాలే నా ఇంటికి. గా మాట నాకన్నదేనా బిడ్డా? లేకుంటే గది గూడ ఇంకెవలికో అన్నదేనా?"

మాట ఆగిపోయింది. స్నేహలత కళ్లెత్తి ఎస్తేరును చూడలేకపోయింది. ఇంతసేపూ తొణకని ఎస్తేరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి కళ్లు తుడుచుకుని, నేల మీది ఫోన్‌ను స్నేహలత వైపు జరిపింది.

"పాపం ముసలాయన. ఎదురుచూస్తుంటడు," అంది. "నీదే అని చెప్పు."

స్నేహలత ఫోన్ నోటి దగ్గరికి తీసుకుంది.

"నీదే పెద్దయ్యా. అత్తమ్మ నీతోనే అన్నది."